దివ్యాంగ పింఛనుపై నోటీసు వచ్చిందా? అప్పీలులో ఏం రాయాలి?

ప్రతి నెలా ఒకటో తేదీన సచివాలయం ఉద్యోగి ఇంటికి తెచ్చి ఇచ్చే రూ.6,000 దివ్యాంగ పింఛను ఒక్క అంకె మీద ఆధారపడి ఉంటుంది. అదే సదరం సర్టిఫికెట్‌లోని వైకల్య శాతం. 40 ఉంటే పింఛను వస్తుంది, 39 అయితే రాదు.

ఎన్టీఆర్ భరోసా కింద ఇస్తున్న దివ్యాంగ, ఆరోగ్య పింఛన్లను 2025 జనవరి నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వైద్యులతో మళ్లీ తనిఖీ చేయించింది. శాతం 40 కంటే తగ్గినవారికి ఆగస్టులో నోటీసులు వెళ్లాయి. దొంగ సర్టిఫికెట్లు ఉన్న మాట నిజమే. కానీ డబ్బిచ్చి సర్టిఫికెట్ తెచ్చుకున్నవారికీ, ఒక డాక్టరు వేసిన శాతాన్ని ఇంకో డాక్టరు తగ్గించినందుకు ఇరుక్కుపోయినవారికీ వచ్చింది అదే నోటీసు. మీరు రెండో రకమైతే మీకున్న దారి అప్పీలు. గ్రామాల్లో ఎంపీడీవోకు, పట్టణాల్లో మున్సిపల్ కమిషనర్‌కు ఇవ్వాలి.

ఎక్కువ మంది పొరపాటు పడేది ఇక్కడే. ‘పింఛను ఆగితే ఇల్లు గడవదు, దయచూడండి’ అని పేజీ నిండా రాస్తారు. అందులో అబద్ధమేమీ లేదు. కాకపోతే ఆ కాగితం అందుకునే ఎంపీడీవోకు మీ శాతాన్ని మార్చే అధికారం లేదు. అది మార్చగలిగేది మళ్లీ పరీక్షించే వైద్యులే. కాబట్టి పాత సర్టిఫికెట్‌లో ఎంత శాతం ఉంది, కొత్తగా ఎంత వేశారు, ఈసారి ఏ పరీక్ష చేయలేదు, దేన్ని లెక్కలోకి తీసుకోలేదు అన్నవి ముందు రాయండి. వినికిడి సమస్య ఉన్నా ఆడియోమెట్రీ చేయకుండానే పంపించేశారా? ఆ మాటే రాయండి. ‘నడవలేను’ అని వదిలేయకుండా, ఎంత దూరం నడిస్తే ఆగాల్సి వస్తోందో, మెట్లు ఎక్కడానికి ఎవరు పట్టుకోవాలో చెప్పండి. ఓపిక ఉన్న రోజును బట్టి కాకుండా మామూలు రోజును బట్టి రాయండి. డాక్టరు ముందు పరువు కోసం కర్ర పక్కన పెట్టి నడిచి చూపించేవాళ్లూ ఉన్నారు. ఆ పని చేయకండి.

రెండు రకాల వైకల్యం ఉన్నవారు ఇంకో సంగతి చూసుకోవాలి. కాలికి 30 శాతం, చెవికి 20 శాతం ఉందనుకోండి. విడివిడిగా చూస్తే రెండూ 40లోపే. కేంద్ర మార్గదర్శకాల ప్రకారం ఆ రెండింటినీ కలిపి లెక్కకట్టాలి. నేరుగా కూడితే వచ్చే 50 కాదు గానీ, ఆ సూత్రం ప్రకారం దాదాపు 43 వస్తుంది. అంటే పింఛనుకు అర్హత ఉన్నట్టే. ఒక విభాగం డాక్టరు మాత్రమే చూసి పంపితే ఈ లెక్క జరగదు. రెండో వైకల్యాన్నీ పరీక్షించాలని అప్పీలులో స్పష్టంగా అడగండి.

నోటీసు, పాత సదరం సర్టిఫికెట్, ఆధార్, ఆస్పత్రి కాగితాలు జిరాక్సులే జత చేయండి. ఒరిజినల్స్ మీ దగ్గరే ఉంచుకోండి. అప్పీలు అందినట్టు తేదీతో రసీదు తీసుకోవడం తప్పనిసరి.

వైద్యులు ఇచ్చిన శాతం మీదే అభ్యంతరం ఉంటే 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 59వ సెక్షన్ కింద రాష్ట్ర ప్రభుత్వం నియమించిన అప్పీలు అధికారిని ఆశ్రయించవచ్చు. ఈలోగా మీకు 60 ఏళ్లు నిండి ఉంటే, రూ.4,000 వృద్ధాప్య పింఛనులోకి మార్చడానికి వీలుందేమో సచివాలయంలో అడిగి చూడండి.