"ఇంటి మనిషిలా చూసుకుంటాం" అనే మాట ఇక చాలు

పోయిన సోమవారం రాజన్న గుడికి వెళ్లాను. హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక కుటుంబం పాపకు పుట్టు వెంట్రుకలు తీయించి ఫొటో దిగుతున్నారు. అప్పటిదాకా లైన్లో పాపను చంకలో వేసుకుని నిలబడ్డ అమ్మాయి దగ్గర్నుంచి పాపను తీసుకుని, "నువ్వు కొంచెం పక్కకు జరుగు" అన్నారు. ఆమె జరిగింది. పాప ఆమె వైపే చేతులు చాపి ఏడ్చింది.

రెండు నెలల కిందటైతే నేను ఇది గమనించేదాన్నే కాదు. మా వెనకింటి అక్క అడిగిన నాలుగు ప్రశ్నల తర్వాత గమనించకుండా ఉండలేకపోతున్నాను.

మా అమ్మాయికి హైదరాబాద్‌లో ఉద్యోగం. 2017లో ప్రసూతి సెలవును 12 వారాల నుంచి 26 వారాలకు పెంచారు కదా, ఆ 26 వారాలూ అయిపోవచ్చాయి. ఇక్కడ మా అత్తమ్మ మంచంలో ఉంది, నేను కదల్లేను. "అమ్మా, మన వేములవాడ మనిషైతే నమ్మకం. అక్కను అడుగు" అంది మా అమ్మాయి.

అక్కనే ఎందుకంటే, మా మనవరాలికి మూడు నెలలు నీళ్లు పోసింది ఆమే. కాళ్లు చాపి పీట మీద కూర్చుని, పిల్లను కాళ్ల మీద వేసుకుని, ముక్కులోకి చుక్క పోకుండా పోసేది. ఏడుపు వినగానే ఆకలా, కడుపునొప్పా, నిద్రా అని చెప్పేది. చదువుకున్న మాకెవరికీ ఆ విద్య రాలేదు. దానికి మేము ఇచ్చింది ఒక చీర, కొన్ని డబ్బులు.

అక్కకు భర్త లేడు. ముప్పై ఏళ్లుగా బీడీలు చేస్తుంది. ఇప్పుడు నెలలో సగం రోజులే ఆకు ఇస్తున్నారు. చిన్నకొడుకు ఇంటర్. నేను వెళ్లి, తిండి, పడక అక్కడే, నెలకు 18 వేలు అని చెప్పాను. పెద్ద మేలు చేస్తున్నట్టే చెప్పాను.

ఆమె చాట పక్కన పెట్టి అడిగింది. "చెల్లె, రాత్రి పాప లేస్తే నేనే లేవాల్నా? లేస్త. మరి పగలు నేనెప్పుడు పండాలె? నెలకు ఎన్ని రోజులు నా కొడుకు దగ్గరికి రావాలె? ఇంట్ల కెమెరాలు ఎక్కడెక్కడ పెడ్తరు, నేను చీర మార్చుకునే కాడ కూడనా? పాప బడికి పోయినంక నన్ను వద్దంటే, నెల ముందు చెప్తరా, బస్సెక్కే రోజు చెప్తరా?"

నా దగ్గర ఒక్కదానికీ జవాబు లేదు. అందరం అనేదే అన్నాను. "అయ్యో అక్కా, నిన్ను ఇంటి మనిషి లెక్కనే చూసుకుంటరు."

"ఇంటి మనిషి అలిసిపోతే పండుకుంటది చెల్లె. కోపమొస్తే అలుగుతది. నాకు పని కావాలె, చుట్టరికం కాదు."

ఇంటికొచ్చి లెక్క వేశాను. 18 వేలను 30 రోజులకు పంచితే రోజుకు 600. రాత్రీ పగలూ పాప పక్కనే కాబట్టి 24 గంటలకు పంచితే గంటకు 25 రూపాయలు. సిగ్గేసింది.

బీడీ కార్మికుల కోసం 1966లోనే చట్టం వచ్చింది. అక్కకు గుర్తింపు కార్డు ఉంది, పీఎఫ్ ఉంది. తునికాకు చుట్టినన్నాళ్లూ ఆమె కార్మికురాలు. అదే చేతుల్లో మన పసిపాపను పెట్టగానే "మన మనిషి" అయిపోతుంది, కార్డూ పోతుంది, పీఎఫ్ కూడా పోతుంది.

మన దిక్కు నుంచి దుబాయి పోయేవాడిని ముందు ఏమడుగుతాం? "అగ్రిమెంట్ సరిగ్గ చూసుకున్నవా" అని. ఎన్ని కుటుంబాలు మోసపోయి నేర్చుకున్న ప్రశ్న అది! హైదరాబాద్‌కు పాపను చూసుకోవడానికి పోయే ఆడమనిషిని మాత్రం "వాళ్లు మంచోళ్లేనా" అని అడిగి ఊరుకుంటాం. మంచితనం ఉంటే కాగితం అక్కర్లేదా?

ఇంటిపని చేసేవాళ్లకూ మిగతా కార్మికుల్లాగే హక్కులుండాలని 2011లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒప్పందం చేసింది. మన దేశం దాన్ని ఆమోదించలేదు. వీళ్లకంటూ చట్టం తెచ్చే విషయం పరిశీలించడానికి కమిటీ వేయమని 2025 జనవరిలో సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పింది. చట్టం వచ్చినప్పుడు వస్తుంది. అప్పటిదాకా మన ఇంట్లో ఒక తెల్ల కాగితం మీద నాలుగు మాటలు రాసుకోవడానికి అడ్డమెవరు?

"మరి మా భయాల సంగతేమిటి" అంటారు. నిజమే, పసిపిల్లను అప్పగిస్తున్నాం. అందుకే ఆధార్ తీసుకుంటాం, పోలీసు విచారణ చేయిస్తాం, నలుగురిని అడుగుతాం. తప్పులేదు. కానీ తనకు తెలియని ఇంట్లో, తెలియని మగవాళ్ల మధ్య రాత్రిళ్లు ఉండబోయే ఆమెకు భయం ఉండదా? ఆమె మన గురించి ఎవరిని అడగాలి?

"అంత జీతం మేమెక్కడ ఇస్తాం" అంటారు. ఇవ్వలేకపోతే తక్కువ గంటలకు పెట్టుకుందాం. రాత్రి మనమే లేద్దాం, నాన్నలను కూడా లేపుదాం. మన జీతంలో లోటును ఆమె నిద్రతో పూడ్చడం ఏ న్యాయం?

ఫోన్లో ఇదంతా చెబితే మా అమ్మాయి కోపంగా, "నువ్వు ఎవరి పక్షం అమ్మా?" అంది. "నీ కూతురి పక్షం. మూడు రాత్రులు నిద్రలేని మనిషి చేతిలో నా మనవరాలిని పెట్టలేను" అన్నాను. అటు నుంచి చాలాసేపు మాట రాలేదు. తనకూ ఆ మూడు రాత్రుల సంగతి తెలుసు.

చివరికి కాగితం రాశాం. రాత్రి ఒకరోజు అక్క, ఒకరోజు అమ్మానాన్న. మధ్యాహ్నం మూడు గంటలు అక్కకు విశ్రాంతి. ఆమె పడుకునే గదిలో కెమెరా ఉండదు. నెలకు నాలుగు రోజులు జీతం కోయకుండా సెలవు, బస్సు ఖర్చు వాళ్లదే. మానిపిస్తే నెల ముందు చెప్పాలి, లేదా నెల జీతం ఇవ్వాలి. జీతం 22 వేలు. పీఎఫ్ సంగతి తేలలేదు. దాని బదులు నెలకు వెయ్యి ఆమె పోస్టాఫీసు ఖాతాలో వేస్తామన్నారు. అక్క రెండుసార్లు చదివించుకుని సంతకం పెట్టింది.

మీ ఇంట్లో పాపను చూసుకునే మనిషి ఉంటే ఈ రాత్రికి ఒక్కటి చేయండి. "మాకు నువ్వు ఇంటి మనిషివి" అనే బదులు, "నిన్న ఎన్ని గంటలు పడుకున్నావు" అని అడగండి. ఆమె చెప్పే జవాబు వినేదాకా అక్కడే కూర్చోండి.