యముడి చిట్టాలో ఖర్చు ఎవరి పేరిట?

సినిమా పత్రికలో ఈ పాచికల గోల ఏమిటని విసుక్కోకండి. నేను చెప్పబోయేదీ ఒక రకం సినిమాయే. కాకపోతే కెమెరా ఉండదు, రీలు ఉండదు, నిర్మాత అసలే ఉండడు. బల్ల చుట్టూ ఐదుగురు కూచుంటారు. నలుగురు తలా ఒక పాత్ర వేస్తారు. ఐదోవాడు కథా ప్రపంచాన్ని కట్టి, మిగతా జనమంతా తానే అయి మాట్లాడి, ఏది కుదురుతుందో ఏది కుదరదో తీర్పు చెబుతాడు. గోడ దూకుతానన్న వీరుడు దూకాడా, కాలు విరగ్గొట్టుకున్నాడా అనేది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. 1974లో అమెరికాలో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ పేరుతో అచ్చు వేయించారు ఈ ఆటని. దాని పిల్లలూ మనవలూ ఇవాళ లెక్కకు మిక్కిలి.

మా బల్ల దగ్గర ఆ ఐదోవాణ్ణి నేను. ఆదివారం మధ్యాహ్నాల కోసం కొత్త కథ ఒకటి కట్టాను. స్థలం విజయవాడ. కాలం ఇప్పటిదే. ఒక తెల్లవారుజామున ఊళ్ళో మంత్రాలు పనిచెయ్యడం మొదలెడతాయి.

‘ఓస్, ఇంతేనా!’ అంటారు మీరు. నిజమే, మంత్రాన్నీ మోటారు కారునీ ఎదురెదురుగా నిలబెట్టడం మన సినిమావాళ్ళకి వెన్నతో పెట్టిన విద్య. 1977లో ‘యమగోల’లో రామారావుగారు యమలోకంలోనే కార్మిక సంఘం పెట్టించారు. 1990లో ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’లో దేవేంద్రుడి కూతురు ఉంగరం పోగొట్టుకుని ఓ టూరిస్టు గైడు ఇంటికి చేరింది. 1994లో ‘యమలీల’లో చిత్రగుప్తుడి పుస్తకం జారి భూమ్మీద పడింది, దాన్ని వెతుక్కుంటూ దిగిన యముడికి ఐస్‌క్రీమ్ రుచి మరిగింది. చూసి నవ్వుకున్నాం. కానీ కథ కట్టే పని మీద పడ్డాక మళ్ళీ చూస్తే నాకు కనిపించింది నవ్వు కాదు, నష్టం. ఇంద్రజ వేలికి ఉంగరం ఉంటే మొదటి రీలులోనే స్వర్గానికి వెళ్ళిపోను, మనం ఇంటికి పోను. పుస్తకం చేతిలో ఉంటే యముడికి మన వీధుల్లో పనేమిటి? దేవతల దగ్గర ఏముందన్నది కాదు, ఏది పోయిందన్నదే కథని నడిపింది.

పడమటివాళ్ళూ ఈ కిటుకు పట్టుకున్నారు. 1989లో వచ్చిన ‘షాడోరన్’ అనే ఆటలో మంత్రగాళ్ళూ కంప్యూటర్లూ ఒకే ఊళ్ళో ఉంటాయి. ప్రతి మనిషికీ ఆరు పాళ్ళ ప్రాణసారం ఉంటుంది. ఇనపచెయ్యో యంత్రపు కన్నో ఒంట్లో పెట్టించుకుంటే ఆ సారం తరుగుతుంది, దాంతోపాటు మంత్రశక్తీ తరుగుతుంది. రెండూ కావాలంటే కుదరదు, బేరమాడుకోవాల్సిందే. 1993 నాటి ‘మేజ్’లో మరో పద్ధతి. నమ్మకం లేని మామూలు జనం కళ్ళెదుట బాహాటంగా మాయ చేస్తే అది చేసినవాడి మీదకే తిరగబడుతుంది. ఊహ గొప్పదే, కాని అక్కడ ఎవరు చూశారు, ఎంత చూశారు అంటూ ఆటగాళ్ళు ప్లీడర్లయిపోతారు. నా ఓటు మొదటిదానికే.

ఇక ఆధునిక ప్రపంచం అంటే చాలామంది తుపాకులనుకుంటారు. నన్నడిగితే ఆఫీసులంటాను. మాయమయ్యే దుప్పటి కప్పుకుని బస్సెక్కితే టిక్కెట్టు ఎవరు కొడతారు? గన్నవరం విమానాశ్రయం మీదుగా ఎగిరే తివాచీకి అనుమతి ఎవరివ్వాలి? ఇలాంటి సరదా ప్రశ్నలతో రెండు నోటు పుస్తకాలు నింపాను. మూడోది మొదలెట్టగానే సరదా ఆగిపోయింది.

మా నలుగురిలో ఒకాయన బాంకు ఉద్యోగి. తండ్రి పోయి ఇంకా ఏడాది కాలేదు. ఆట మొదలుపెట్టే ముందు వీధి అరుగు మీద నన్ను ఒంటరిగా పట్టుకుని, ‘గురూ, పోయినవాళ్ళని లేపే మంత్రం ఉంటుందా ఇందులో?’ అన్నాడు. నవ్వుతూనే అడిగాడు లెండి.

అసలు ఆటలో ఆ మంత్రం ఉంది. 2014 నాటి పుస్తకం ప్రకారం మనిషి పోయి పది రోజులు దాటకూడదు. 500 బంగారు నాణేల వజ్రం ఒకటి ఖర్చవుతుంది. పైగా వచ్చేవాడికి రావాలని ఉండాలి. అడవులూ కోటలూ ఉన్న కథలో ఇది చెల్లుతుంది. విజయవాడలో పెట్టి చూడండి! ప్రతి పెద్ద ఆస్పత్రి పక్కనా వజ్రాల కొట్టు వెలుస్తుంది. ఉన్నవాడు చావడు, లేనివాడు చస్తాడు. మన చట్టం మరణాన్ని నమోదు చేయించడానికి 21 రోజులిచ్చింది. ఆట ఇచ్చింది పదే. మన ఇళ్ళలోనూ పదో రోజుకి ఓ లెక్క ఉంది. ధర్మోదకాలు వదిలేది ఆ రోజునే కదా. ఎక్కడో అమెరికాలో రాసిన అంకె వచ్చి సరిగ్గా మన గుమ్మంలో కూచుంది.

మంత్రం తీసేద్దామా అనుకున్నాను. తీసేస్తే ఆయన ప్రశ్నకి జవాబు ఎగ్గొట్టినట్టే. ఉంచాను, ఓ షరతు కలిపి. చిత్రగుప్తుడి చిట్టాలో లెక్క తేలాలి. తిరిగొచ్చిన మనిషి ఎన్నేళ్ళు బతుకుతాడో అన్నేళ్ళు ఇంకెవరో తమ ఆయుష్షులోంచి సంతకం పెట్టి ఇవ్వాలి. డబ్బు తీసుకుని ఇస్తే చెల్లదు. ఇది చదివి వినిపిస్తే బాంకాయన తలూపాడు. ‘జమ ఉంటే ఖర్చు ఉండాలి గదా’ అన్నాడు.

ఆయన వేసిన పాత్ర ఓ అనాథ కుర్రాడు. కృష్ణ ఒడ్డున పడవ నడిపే ముసలాయన పెంచాడట. ఆ ముసలాయన మజ్జిగలో ఉప్పు రెండుసార్లు వేసుకుంటాడు, పేపరు నాలుగు మడతలు పెట్టి దిండు కింద దాస్తాడు. ఈ వివరాలు ఆయనే రాసిచ్చాడు, ఎవరివని నేనడగలేదు. మూడు వారాల కిందట కథలో వరదొచ్చింది. బారేజీ దిగువన పడవ తిరగబడింది. పాచిక నేను చాటున వెయ్యను, నలుగురి ఎదుటే వేస్తాను. ఒకటి పడింది. ముసలాయన పోయాడు.

బల్ల దగ్గర చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత మాలో నర్సుగా చేసే ఆవిడ, తన పాత్ర ఆయుష్షులోంచి మూడేళ్ళు రాసుకోమంది. కాలేజీ కుర్రాడు ఐదంటూ లేచాడు. బాంకాయన ఏమీ అనలేదు. కిందటి వారం మాత్రం వన్‌టౌన్‌లో ఇల్లు తాకట్టు పెట్టి వజ్రం కొన్నాడు. కథలోనే సుమండీ.

కథలో ఇప్పటికి తొమ్మిది రోజులయ్యాయి. వచ్చే ఆదివారం పదోది. వజ్రం ఉంది, సంతకాలున్నాయి. ఇక మిగిలింది ఒక్కటే, ముసలాయనకి రావాలని ఉందా లేదా అన్నది. ఆ జవాబు ఆయన గొంతుతో చెప్పవలసింది నేను. రెండు విధాలా రాసి పెట్టుకున్నాను. ఏ కాగితం తియ్యాలో ఆదివారం ఆయన మొహం చూశాక గాని తేలదు.