ఒంట్లో కోటానుకోట్ల పొయ్యిలు

దీపావళి రోజుల్లో ఆసిఫాబాద్ ఏజెన్సీ గూడేల్లో దండారీ సందడి చూశారా? తలపై నెమలి ఈకల టోపీతో గుస్సాడీలు గంటల తరబడి ఆడుతూనే ఉంటారు. డప్పు దెబ్బకు ఎగిరే ఆ కాళ్లకు అంత శక్తి ఎక్కడిది?

తిన్న జొన్న గట్కలోంచే! కానీ గట్క నేరుగా కాళ్లను కదిలించలేదు. అది అరిగి, గ్లూకోజుగా మారి రక్తంలో కలుస్తుంది. కణాల్లోకి చేరాక మైటోకాండ్రియా అనే బుల్లి పొయ్యిలు పని మొదలుపెడతాయి. మంటా ఉండదు, పొగా ఉండదు. ఊపిరితో వచ్చిన ఆక్సిజన్ సాయంతో అందులోని శక్తిని మెల్లమెల్లగా బయటికి తీసి ఏటీపీ అనే అణువుల్లో దాస్తాయి. కండరమైనా మెదడైనా ఖర్చుపెట్టేది ఈ 'చిల్లర'నే.

దీన్ని కనుగొన్నవారిలో మన తెలుగువాడూ ఉన్నాడు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి 1927లో ఫాస్ఫోక్రియాటిన్ గురించి, 1929లో ఏటీపీ గురించి ప్రకటించారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా ఏటీపీని గుర్తించారు. కండరంలో నిల్వ ఉన్న ఏటీపీ కొన్ని సెకన్లకే సరి. అది అయిపోతుంటే వెంటనే నింపేది ఫాస్ఫోక్రియాటిన్. ఆ తర్వాత ఆట సాగాలంటే ఊపిరి అందాల్సిందే.

ఎందుకంటే ఆక్సిజన్ లేకుండా ఒక గ్లూకోజు అణువు నుంచి దక్కేది 2 ఏటీపీలే. ఆక్సిజన్ ఉంటే సుమారు 30! నానబెట్టిన ఇప్పపూలను సారాగా మార్చే ఈస్ట్ కణాలు ఆ రెండింటితోనే సరిపెట్టుకుంటాయి. మనకు అది కుదరదు.

మరి ఆక్సిజన్‌ను మోసే ఎర్రకణాలే దెబ్బతింటే? గోండులు సహా మధ్య భారతంలోని అనేక ఆదివాసీ తెగల్లో కనిపించే సికిల్‌సెల్ వ్యాధిలో జరిగేది అదే. ఎర్రకణాలు కొడవలిలా వంగి సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి. 120 రోజులు బతకాల్సినవి 10-20 రోజుల్లోనే చితికిపోతాయి. పొయ్యి ఉంది, కట్టెలున్నాయి... గాలే అందదు. అందుకే ఆ పిల్లలు నాలుగడుగులకే ఆయాసపడతారు, కీళ్ల నొప్పులతో ఏడుస్తారు. 'బద్ధకం' అని కసురుకుంటే ఎలా?

ఈ వ్యాధి నిర్మూలనకు కేంద్రం 2023 జులై 1న జాతీయ మిషన్ ప్రారంభించింది. గడువు 2047. తల్లిదండ్రులిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. కాబట్టి పెళ్లి మాటలకు ముందే ఓ రక్తపరీక్ష చేయించుకోవడం మేలు. తరచూ నీరసపడే పిల్లాడు ఇంట్లో ఉంటే, తిట్టే ముందు ఒక్కసారి ఆసుపత్రికి తీసుకెళ్లండి.