వసంతకాలపు ఆట

అమెరికా దేశమున బేస్‌బాల్ మిక్కిలి ఆదరము గల క్రీడ. ఏటేటా ఫిబ్రవరి, మార్చి మాసములలో అచ్చటి పెద్ద జట్లు చలి తక్కువగల ఫ్లారిడా, ఆరిజోనా రాష్ట్రములకు పోయి అభ్యాసము చేయును. పేరుపొందిన ఆటగాండ్రతోపాటు చిన్న జట్ల యువకులును అందుందురు. అభ్యాసము ముగిసిన పిమ్మట ఎవరిని పెద్ద జట్టులో నిలుపవలయునో శిక్షకుడు నిర్ణయించును. ఆ కొలది వారముల ఆటనే కొలబద్దగా గొనుట తగదని నా యభిప్రాయము. అప్పటికింకను బంతి విసరువారి చేతులు పూర్తిగా సాగియుండవు. పోటీలలో గెలుపోటములకు లెక్కయు లేదు.

1951లో న్యూయార్క్ యాంకీస్ జట్టు ఫీనిక్స్ నగరమున అభ్యాసము చేసెను. మికీ మాంటిల్ అను 19 ఏండ్ల యువకుడు అచ్చట బంతిని కొట్టిన తీరు చూచి అందఱును అబ్బురపడిరి. అతడు ఓక్లహోమా రాష్ట్రమున గనిలో పనిచేయు శ్రామికుని కుమారుడు. అంతకు ముందటి యేడు మిక్కిలి క్రింది తరగతి జట్టులో ఆడినవాడు. నడుమనున్న మెట్లన్నియు దాటించి, శిక్షకుడు కేసీ స్టెంగెల్ అతనిని పెద్ద జట్టులో చేర్చుకొనెను. మొదట బాగుగనే ఆడెను గాని, పిదప బంతి తగులుట అరుదయ్యెను. జూలైలో అతనిని కాన్సాస్ సిటీలోని చిన్న జట్టునకు పంపిరి. ఇక ఆడలేనని కుమారుడు కంట తడిపెట్టగా, అట్లయిన గనిపనికే రమ్మని తండ్రి అతని సామాను సర్దసాగెనట!

తండ్రి కాఠిన్యమే అతనిని నిలిపెనని పలువురు చెప్పుదురు. నాకట్లు తోచదు. కాన్సాస్ సిటీలో అతనికి దొరకినది తీరిక. అచ్చట 40 ఆటలలో 11 హోమ్ రన్లు కొట్టి, ఆగస్టులో యాంకీస్ జట్టును మరల చేరెను. వసంతమునందే అచ్చటికి పంపియుండిన, గని మాట వచ్చియుండెడిది కాదేమో.