నాలుగొందల బాకీకి నలభై ఫోన్లు

పోస్ట్‌పెయిడ్ నంబరును ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి మార్చుకునేవాళ్లలో చాలామందికి ఒక సంగతి తట్టదు. పాత బిల్లులు కట్టేస్తేనే నంబరు కదులుతుంది. ఆఖరి బిల్లు మాత్రం నంబరు కదిలాకే తయారవుతుంది. నెల మధ్యలో మారితే ఆ పదీ పదిహేను రోజుల లెక్క, వాడడం ఎప్పుడో మానేసిన ఈమెయిల్‌కి పోతుంది. ఏ నాలుగొందలో, నాలుగొందల ముప్ఫయ్యో. ఏడాది తర్వాత ఫోన్ మోగుతుంది: "లీగల్ డిపార్ట్‌మెంట్ నుంచండీ. మీ మీద ఫైల్ ఓపెనైంది. సాయంత్రం ఐదులోగా కట్టకపోతే ఇక మా చేతుల్లో ఉండదు." ఏ నెల బిల్లు, ఎంత, అసలెంత, లేట్ ఫీజు ఎంత అని అడిగితే జవాబుండదు. వాట్సాప్‌లో పేమెంట్ లింకు మాత్రం వెంటనే వస్తుంది.

నాలుగొందల కోసం ఎవరూ కోర్టుకెక్కరు. వకీలు ఫీజుకే అంతకు ఎన్నో రెట్లవుతుంది. ఈ లెక్క కంపెనీకి తెలుసు, ఏజెన్సీకి తెలుసు. తెలియనిది బాకీదారుకే. అందుకే ఇలాంటి పాత బాకీలన్నీ మూటగట్టి ఏజెన్సీకి అప్పజెబుతారు. వసూలైనదాంట్లోనే దానికి కమీషన్. ఫోన్‌కి అయ్యే ఖర్చు దాదాపు సున్నా కాబట్టి, ఎన్నిసార్లు చేసినా నష్టం లేదు. విసిగిపోయి కొందరు కట్టినా గిట్టుబాటే. హెడ్‌ఫోన్ పెట్టుకుని టార్గెట్ కోసం అరిచే కుర్రాడి మీద నాకు పెద్ద కోపం లేదు. ఆ అరుపుకు జీతమిచ్చే లెక్క మీదే నా అభ్యంతరమంతా.

బెదిరింపులో పస ఎంత? బిల్లు కట్టకపోవడం సివిల్ వ్యవహారం, అరెస్టు చేసే నేరం కాదు. చెక్కు బౌన్సయినా, బ్యాంకు ఖాతా నుంచి ఆటోమేటిక్‌గా కోతపడే వాయిదా డబ్బు లేక తిరిగొచ్చినా సంగతి వేరు. వాటికి క్రిమినల్ సెక్షన్లున్నాయి. ఇక లోక్ అదాలత్ నోటీసు. ముద్రలు చూసి ఇంట్లో పెద్దవాళ్లు బెంబేలెత్తిపోతారు. నిజానికి అక్కడ ఇరుపక్షాలూ ఒప్పుకుంటేనే రాజీ, లేదంటే లేదు. నోటీసు నిజమైనదేనని తేలితే వెళ్లి లెక్క అడగడానికి అంతకంటే మంచి చోటు ఉండదు.

బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీల విషయంలో కొంత కట్టడి వచ్చింది. రికవరీ ఏజెంట్లపై రిజర్వ్ బ్యాంకు 2008లోనే నిబంధనలు పెట్టింది. లోన్ యాప్‌ల వాళ్లు బంధువులకూ స్నేహితులకూ ఫోన్లు చేసి పరువు తీసిన ఉదంతాల తర్వాత, 2022 ఆగస్టులో వాటిని బిగించింది. ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 దాటాక వసూలు ఫోన్లు కుదరవు. బంధుమిత్రుల జోలికి పోకూడదు. మాట వినకపోతే, ఫిర్యాదు చేశాక 30 రోజుల్లో బ్యాంకు తేల్చకపోతే, రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నాడు. చిన్న అప్పుల వసూళ్లు ఎంత దూరం పోతాయో మనకు కొత్తగా చెప్పక్కర్లేదు. మైక్రోఫైనాన్స్ వాయిదాల ఒత్తిడికి 2010 అక్టోబరులో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సే తేవాల్సి వచ్చింది.

అయితే ఫోన్ బిల్లు, ఇంటర్నెట్ బిల్లు, జిమ్ ఫీజు లాంటివి రిజర్వ్ బ్యాంకు గడప లోపలికి రావు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ విడి వ్యక్తుల ఫిర్యాదులు తీసుకోదు. కంపెనీ కాల్ సెంటరుకు, ఆపైన అదే కంపెనీ అప్పీలు విభాగానికి వెళ్లమంటుంది. టెలికాం వివాదాలను వినియోగదారుల కమిషన్ వినవచ్చని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో తేల్చింది. 5 లక్షల లోపు వ్యవహారానికి అక్కడ ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు. కానీ నాలుగొందలకు రెండు పూటల పనిమానుకుని వెళ్లేదెవరు?

అమెరికాలో ఉంటున్న మనవాళ్లకు దీని మరో ముఖం తెలుసు. ఆస్పత్రి బిల్లు కలెక్షన్ ఏజెన్సీకి పోయిందంటే, ఎవరి బాకీ, ఎంత అని ఏజెన్సీయే రాతపూర్వకంగా చెప్పాలి. 30 రోజుల్లోగా రాతలో అభ్యంతరం పెడితే, రుజువు పంపేదాకా వసూలు ఆపాలి. 1977 నాటి చట్టమది. అక్కడ అన్నీ సవ్యంగా ఉన్నాయనడం లేదు. రుజువు భారం అడిగేవాడి మీద ఉండటమే మనకు కావలసింది.

అంతదాకా ఆ పని మనమే చేసుకోవాలి. ఫోన్‌లో వాదించకుండా, బిల్లు కాపీ, ఏజెన్సీకి కంపెనీ ఇచ్చిన అధికార పత్రం ఈమెయిల్‌లో అడగాలి. బాకీ నిజమైతే కట్టేయాల్సిందే, కంపెనీ సొంత యాప్‌లో. పైసలు మిగులుతాయని 'సెటిల్‌మెంట్'కు ఒప్పుకుంటే క్రెడిట్ రిపోర్టులో ఆ మాట మచ్చలా నిలిచిపోవచ్చు. ఇంత చిన్న మొత్తానికి అది తెలివితక్కువ బేరం. కట్టాక నో డ్యూస్ పత్రం తీసుకోవాలి. బిల్లు పాతదైతే తొందరపడి ఏదీ రాసివ్వకూడదు. దావాకు సాధారణ గడువు మూడేళ్లు. గడువులోగా సంతకంతో బాకీ ఒప్పుకుంటే ఆ మూడేళ్లు మళ్లీ మొదలవుతాయి.

క్రెడిట్ రిపోర్టులో తప్పును 30 రోజుల్లో సరిచేయకపోతే, ఆపైన రోజుకు ₹100 పరిహారమని రిజర్వ్ బ్యాంకు 2023లో నిర్ణయించింది. అభ్యంతరం చెప్పాక, రుజువు చూపకుండా చేసే ప్రతి వసూలు ఫోన్‌కూ, అది ఏ కంపెనీదైనా సరే, అలాంటి ధరే కట్టాలి. నాలుగు ఫోన్లకు బాకీ మొత్తం చెల్లిపోయేలా ఉంటే, ఐదో ఫోన్‌కి ముందు ఏజెన్సీయే పాత బిల్లు వెతుక్కుంటుంది.