రీడింగ్ "సెట్" చేస్తే పోయేదేంటి?

ఇంజనీరింగ్ కెమిస్ట్రీ ల్యాబ్‌లో మనం బాగా నేర్చుకునే విద్య ఒకటుంది: రీడింగ్ సెట్ చేయడం. బ్యూరెట్ 9.6 చూపించినా, సీనియర్ రికార్డులో 10.2 ఉంటే మన రికార్డులోకీ 10.2 ఎక్కుతుంది. మార్కులు పడతాయి, ఎవరికీ నష్టం లేదంటాం. ఉందని నా వాదన. అందుకు ఒక పదార్థం కథ చెప్తా.

1907లో డ్యూవర్, జోన్స్ అనే శాస్త్రవేత్తలు ఇనుము, కార్బన్ మోనాక్సైడ్ కలిసిన ముదురు ఆకుపచ్చ స్ఫటికాల గురించి రాశారు. విశ్లేషిస్తే ఒక ఇనుముకు నాలుగు కార్బన్ మోనాక్సైడ్‌లు వచ్చాయి. మొత్తం భారం 168లో ఇనుము 56, అంటే మూడో వంతు. లెక్క కరెక్టే. కానీ అణువులో మూడు ఇనుములు, పన్నెండు కార్బన్ మోనాక్సైడ్‌లు ఉన్నా 504లో 168, మళ్లీ అదే మూడో వంతు! శాతాలు నిష్పత్తినే చెప్తాయి, అణువు ఎంత పెద్దదో చెప్పవు. తర్వాత అణుభారం కొలిస్తేగానీ అందులో ఉన్నవి మూడు ఇనుములని తేలలేదు.

ఆ మూడూ ఎలా అమరాయి? ఎక్స్-రే పెడితే ఇంకో చిక్కు. స్ఫటికంలో అణువులు రెండు రకాలుగా తిరిగి ఉండటంతో, రెండు త్రిభుజాలు కలిసిపోయి ఆరు కొనల నక్షత్రంలా కనిపించాయి. "మెషీన్ తేడా" అని దాన్ని దిద్దేసి ఉంటే కథ అక్కడే ఆగేది. 1960ల్లో లారెన్స్ డాల్ బృందం ఆ చిక్కు విప్పింది: మూడు ఇనుముల త్రిభుజం, ఒక అంచు మీద వంతెనల్లా రెండు కార్బన్ మోనాక్సైడ్‌లు. ఇలా లోహ పరమాణువులు నేరుగా ఒకదానితో ఒకటి బంధం కట్టుకున్నవే మెటల్ క్లస్టర్లు. దీన్ని తయారు చేశాక, అదేంటో నిరూపించడానికి యాభై ఏళ్లు దాటింది.

ఇది మనకు దూరపు ముచ్చటేం కాదు. యూనివర్సిటీ ఆఫ్ హైదరాబాద్‌లో పనిచేస్తూ జెమ్మిస్ 2001లో, తన సహచరులతో కలిసి, ఎలక్ట్రాన్ జతలను లెక్కపెట్టి బోరాన్, లోహ క్లస్టర్ల నిర్మాణాలను వివరించే ఎంఎన్‌ఓ నియమాన్ని ప్రకటించారు. అలాంటి నియమాన్ని సరిచూసేది ల్యాబుల్లో నిజాయితీగా కొలిచిన నిర్మాణాలతోనే. కొలతలే అబద్ధమైతే నియమం తప్పో ఒప్పో ఎలా తెలుస్తుంది?

తూప్రాన్ నుంచి హైదరాబాద్ రోడ్డెక్కితే మనోహరాబాద్, కాళ్లకల్ ఫ్యాక్టరీలు కనిపిస్తాయి. మనలో కొందరు రేపు అలాంటి చోట క్యూసీ రిపోర్టుల మీద సంతకం పెడతారు. ల్యాబ్‌లో అలవాటైన చెయ్యి అక్కడ మారుతుందా?

అందుకే నా ప్రతిపాదన: ఒక్క ప్రయోగంలోనైనా తెలియని శాంపిల్ ఇచ్చి, అదేంటో రెండు వేర్వేరు పద్ధతుల్లో నిరూపించమనాలి. వచ్చిన రీడింగే రాసినవాళ్లకు మార్కులు కోయొద్దు. తేడా ఎందుకొచ్చిందో రాస్తే ఇంకో రెండు ఎక్కువ వేయాలి. టైమ్ సరిపోదంటారా? అవసరమైతే ఒక ప్రయోగం తగ్గిద్దాం. సెట్ చేసిన పది రీడింగ్‌ల కంటే మనం సొంతంగా తీసిన ఒక్క రీడింగ్ నయం.