యాప్ కంటే ముందు కౌలు కాగితం

పెద్దాపురం నుంచి ఏడీబీ రోడ్డు మీద రాజానగరం వైపు వెళ్తుంటే పొద్దున్నే ఇంజినీరింగ్ కాలేజీల బస్సులు బారులు తీరి కనిపిస్తాయి. మా చుట్టుపక్కల ఊళ్లలో కొత్త డాబా లేచిందంటే చాలాసార్లు ఆ ఇంటి పిల్లో పిల్లాడో హైదరాబాదులోనో అమెరికాలోనో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేస్తున్నారన్నమాట. కాబట్టి కంప్యూటరు మీద మా ప్రాంతానికి ఉన్న గౌరవం ఎవరో చెబితే వచ్చింది కాదు, కళ్లారా చూసి పెంచుకున్నది. ఆ గౌరవాన్ని ఆసరా చేసుకుని ఒక వాదం పాతికేళ్లుగా పాతుకుపోయింది. పేదరికానికీ, లంచాలకూ, ఆఫీసుల చుట్టూ తిరుగుడుకూ మందు సాంకేతికతేనట. చేతిలో ఫోను, ఫోనులో యాప్ పెడితే చాలు, మిగిలింది దానంతటదే జరుగుతుందట. 1999 నాటి విజన్ 2020 పత్రం నుంచి, 2025 జనవరిలో వాట్సాప్‌లో 161 సేవలతో మొదలైన మన మిత్ర వరకూ ముఖ్యమంత్రులు మారారు, పార్టీలు మారాయి, ఈ మాట మాత్రం మారలేదు. ఇది తప్పుడు వాదమని, దీనివల్ల పేదవాడికి నష్టం కూడా జరుగుతోందని నా అభిప్రాయం.

ముందుగా ఒక విషయం విడదీసి చూడాలి. సాఫ్ట్‌వేరు ఉద్యోగంతో ఒక కుటుంబం బాగుపడటం వేరు, సాఫ్ట్‌వేరుతో ఊరు బాగుపడటం వేరు. మొదటిది చదువు వల్ల, జీతం వల్ల జరిగింది. పొలం తాకట్టు పెట్టి ఫీజులు కట్టిన తల్లిదండ్రుల వల్ల జరిగింది. దాన్ని చూపించి రెండోదీ జరిగిపోతుందని నమ్మబలకడం సబబు కాదు.

ఊరి సంగతికొస్తే, మా వైపు అన్నిటికన్నా పెద్ద సమస్య కౌలు. గోదావరి జిల్లాల్లో సాగుభూమిలో పెద్ద భాగాన్ని దున్నేది కౌలుదార్లే. పెద్దాపురం చుట్టూ ఏలేరు కింద పొలాలైనా, పైన మెట్ట పొలాలైనా అదే కథ. ఆసామి కాకినాడలోనో హైదరాబాదులోనో ఉంటాడు. కౌలు ఒప్పందం చాలావరకు నోటిమాట మీదే. సార్వా ఊడ్పులయ్యాక వ్యవసాయ సహాయకుడు ట్యాబు పట్టుకుని గట్టు మీదికి వస్తాడు. సర్వే నంబరు కొడతాడు, చేను ఫొటో తీస్తాడు, ఆ ఫొటోతోపాటు అది ఏ చోట తీసిందో కూడా నమోదవుతుంది. తెర మీద ఒక పేరు వస్తుంది. మోకాలి లోతు బురదలో నిలబడి, ఈ పంటకు అప్పు తెచ్చి ఎరువు చల్లిన మనిషి పేరు కాదది. ఆసామి పేరు.

ఈ పంట నమోదు పద్ధతి పేరు ఈ-క్రాప్. అందులో సాగుదారు పేరు రాయించుకునే వీలు లేకపోలేదు. కానీ రాయిస్తే ఆసామికి అనుమానం, వచ్చే ఏడాది పొలం వేరొకరికి ఇచ్చేస్తాడేమోనని కౌలుదారుకి భయం. ఈ అనుమానానికీ భయానికీ వెనక 1956 నాటి కౌలుదారీ చట్టం నుంచి నడుస్తున్న చరిత్ర ఉంది. కౌలుదారు పేరు కాగితం ఎక్కితే భూమి చేజారిపోతుందన్న బెంగ ఆసాముల ఇళ్లలో తరం నుంచి తరానికి వస్తోంది. 2011లో వచ్చిన సాగుదారుల చట్టం ఆసామి సంతకంతో పని లేకుండానే కౌలుదారుకి రుణ అర్హత కార్డు ఇవ్వమంది. 2019లో దాని స్థానంలో వచ్చిన చట్టం పదకొండు నెలల ఒప్పందం మీద ఆసామి సంతకం ఉండాలంది. ఆ ఒక్క సంతకంతో కథ మారిపోయింది. సంతకం పెట్టే ఆసామి దొరికితే కార్డు, లేకపోతే లేదు. కార్డు లేనివాడికి బ్యాంకు అప్పు ఇవ్వదు. తుపాను వచ్చి చేను పడిపోతే పరిహారం ఎవరి పేరుంటే వారి ఖాతాలో పడుతుంది. 2019 ఫిబ్రవరిలో మొదలైన పీఎం కిసాన్ కింద ఏడాదికి 6,000 రూపాయలు భూమి యజమానికే అందుతాయి, దళారీ లేకుండా, నేరుగా, ఒక్క రూపాయి కూడా తగ్గకుండా.

ఇందులో ట్యాబు తప్పేమీ లేదు. రెవెన్యూ రికార్డులో ఉన్నదాన్నే అది చూపించింది. నా వాదన కూడా ఇదే. యంత్రం ఉన్న అధికారాన్ని ఉన్నట్టుగానే, ఇంకా వేగంగా అమలు చేస్తుంది. రికార్డు తప్పైతే ఆ తప్పుకి వేగం వస్తుంది. పూర్వం కరణం దగ్గరికెళ్లి బతిమాలుకుంటేనో, పెద్దమనుషుల్లో పెడితేనో కాస్త సర్దుబాటయ్యేది. ఇప్పుడు "సిస్టమ్‌లో అలా ఉందండీ" అన్న ఒక్క మాటతో తలుపు మూసుకుంటుంది. ధాన్యం అమ్ముకోవడానికి వాట్సాప్‌లో సందేశం పెడితే చాలని 2024 నవంబరులో ప్రభుత్వం చెప్పింది. మంచిదే. కానీ తేమ 17 శాతమా 20 శాతమా అన్న తగువు ఫోనులో తేలదు కదా! రైతు సేవా కేంద్రంలో మిషను ఒక అంకె చూపించి, బస్తాలు మిల్లు గేటు దాటాక ఇంకో అంకె వస్తే, తరుగు ఎవరి నెత్తిన పడుతుందో గోదావరి జిల్లాల్లో ధాన్యం పండించిన వాళ్లందరికీ తెలుసు.

2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి వేలాది ఎకరాలు బీడు పెట్టారు. డ్రెయిన్లలో పూడిక తీయలేదని, పెట్టుబడికి తగ్గ ధర లేదని, కూలి ఖర్చులు భరించలేమని అప్పుడు వాళ్లు చెప్పుకున్నారు. సమాచారం లేక పొలం వదిలేశామని ఎవరూ అనలేదు.

సాంకేతికతను సమర్థించేవాళ్లు తరచూ చెప్పే ఉదాహరణ ఒకటుంది, దాన్ని దాటవేయకూడదు. కేరళలో 1997 నుంచి 2001 మధ్య సెల్‌ఫోన్లు వచ్చాక సార్డిన్ చేపల వేటగాళ్లు సముద్రంలో ఉండగానే ఏ రేవులో ధర బాగుందో కనుక్కుని పడవను అటు తిప్పేవారు. చేప పారబోయడం ఆగింది, వేటగాళ్ల లాభం పెరిగింది, కొనేవాళ్లకి ధర కూడా కాస్త తగ్గింది. రాబర్ట్ జెన్సెన్ అనే ఆర్థికవేత్త 2007లో దీన్ని అంకెలతో సహా నిరూపించాడు. ఆ పరిశోధన నిజమేనని నేనూ ఒప్పుకుంటాను. అయితే ఆ వేటగాడికి పడవ ఉంది, తిప్పుకోవడానికి పదిహేను రేవులున్నాయి.

ఇప్పుడు మా మెట్టలో కర్రపెండలం రైతును చూడండి. పెద్దాపురం, గండేపల్లి, రంగంపేట, జగ్గంపేట వైపు పండే దుంపంతా సామర్లకోట, పెద్దాపురం పరిసరాల్లోని సగ్గుబియ్యం ఫ్యాక్టరీలకే వెళ్లాలి. భూమిలో ఉన్నంతకాలం దుంపకి ఢోకా లేదు. ఒకసారి తవ్వాక రెండు మూడు రోజుల్లో లోపల నల్ల చారలు పడి పిండి పాడైపోతుంది. కొనేవాళ్లు కొద్దిమంది, వాళ్లకి ఒకరి ధర ఒకరికి తెలుసు. పైగా పెట్టుబడికి అప్పిచ్చినవాడే సరుకు తనకే తోలాలని ముందే మాట తీసుకుంటాడు. ఈ రైతు చేతిలో స్మార్ట్‌ఫోను లేదనకండి, ఉంది. నేటి పుట్టి ధర ఎంతో అతనికి పొద్దున్నే తెలుస్తుంది. తెలిసి ఏం చేయగలడు? ధర తెలియక కాదు అతను నష్టపోతున్నది, వేరేచోట అమ్ముకునే దారి లేక. నిల్వకీ ఆరబెట్టడానికీ రైతులకే సొంత ఏర్పాటో, వడ్డీ తక్కువ అప్పు ఇచ్చే సహకార సంఘమో ఉంటే అప్పుడా ఫోను అతనికి కేరళ వేటగాడి ఫోనంత బలమిస్తుంది.

రేషన్ దుకాణం సంగతికొద్దాం, ఇందులో మా జిల్లాకి ప్రత్యేకమైన పాత్ర ఉంది. ఆధార్ వేలిముద్రతో బియ్యం ఇచ్చే ప్రయోగం 2012లో అప్పటి తూర్పు గోదావరి జిల్లాలోనే జరిగింది. దొంగ కార్డులు పోతాయన్నారు, కొంతవరకు పోయాయి కూడా. కానీ ఆ మిషను ముందు ఒక ముసలమ్మ నిలబడ్డప్పుడు ఏం జరుగుతుందో చూడండి. బొటనవేలు పెడుతుంది, ఎర్ర లైటు. చూపుడు వేలు పెడుతుంది, మళ్లీ ఎర్ర లైటు. చీర కొంగుతో వేళ్లు తుడుచుకుని ఒక్కొక్కటే పెట్టి చూస్తుంది. వెనక వరసలో వాళ్లు విసుక్కుంటారు. ఆవిడ తప్పు చేసినదానిలా తల దించుకుంటుంది. నలభై ఏళ్లు నాట్లు వేసిన చేతులవి, అంట్లు తోమిన చేతులవి. వేలి గీతలు అరిగిపోయాయంటే అది ఆవిడ చేసిన పనికి సాక్ష్యం. ఆ సాక్ష్యమే ఆవిడ తిండికి అడ్డు పడుతోంది.

కోనసీమలో మోరి అనే ఊరుంది. 2016 డిసెంబరు 29న దాన్ని రాష్ట్రంలోనే మొదటి డిజిటల్ స్మార్ట్ విలేజ్‌గా ప్రకటించారు. ఫైబర్ గ్రిడ్ తీగ మీద ఇంటింటికీ ఇంటర్నెట్టు, టీవీ, ఫోను, నోట్లు లేని లావాదేవీలు అన్నారు. మోరి జీడిపప్పుకు పేరున్న ఊరు. జీడి పిక్క పెంకులో ఉండే నూనె చర్మాన్ని కాల్చేస్తుంది. పిక్కలు కొట్టే ఆడవాళ్ల వేళ్ల మీద తోలు ఊడిపోతుంటుంది. డిజిటల్ గ్రామానికి ఏ ఊరిని ఎంచుకున్నారో, ఆ ఊరి ఆడవాళ్లు చేసే పనే వేలిముద్రను చెరిపేస్తుంది. ముందు వాళ్ల చేతులకి తొడుగులు, మంచి కూలి, ఆ తర్వాత తీగ అని ఏ ప్రణాళికైనా మొదలైందా?

"అయితే నువ్వు కంప్యూటర్లు వద్దంటావా?" అని అడుగుతారు. వద్దనడం లేదు. ఎక్కడ పనిచేశాయో, ఎందుకు పనిచేశాయో చూడమంటున్నాను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలికీ, పింఛన్లకీ వేలిముద్ర స్మార్ట్‌కార్డులు పెట్టినప్పుడు ఎనిమిది జిల్లాల్లో మురళీధరన్, నీహాస్, సుఖ్తాంకర్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు పెద్ద ఎత్తున పరిశీలన చేశారు. 2016లో అచ్చయిన ఆ పరిశోధన ప్రకారం కూలి డబ్బు తొందరగా చేతికొచ్చింది, ఉపాధి హామీలో దారి మళ్లే సొమ్ము సుమారు 41 శాతం తగ్గింది, పేదలెవరూ పథకానికి దూరం కాలేదు. ఎందుకంటే ఆ డబ్బు పంచింది అదే ఊరి పొదుపు సంఘం మహిళ. కార్డు లేకపోయినా, వేలిముద్ర పడకపోయినా డబ్బు ఇవ్వడానికి ఆవిడకి వీలుంది. తర్వాత అదే ముగ్గురూ జార్ఖండ్ రేషన్ దుకాణాల్లో ఆధార్ తప్పనిసరి చేస్తే ఏమైందో చూశారు. అక్కడ దొంగతనం తగ్గిన దాఖలా దొరకలేదు. ఆధార్ కలపని కుటుంబాలకు అందే సరుకు మాత్రం సుమారు 10 శాతం తగ్గింది. రెండు చోట్లా వేలిముద్రే, రెండు చోట్లా మిషనే. తేడా కౌంటరు వెనక మనిషిది, ఆ మనిషికి ఇచ్చిన అధికారానిది. వేలిముద్ర పడని వాళ్లకి వీఆర్వో తన వేలిముద్రతో బియ్యం ఇప్పించే పద్ధతి మన రాష్ట్రంలో పెట్టింది కూడా ఇందుకే. మిషను కన్నా ఆ పద్ధతే ముసలమ్మ కడుపు నింపింది.

స్మార్ట్‌కార్డులకి ఎదురు ఉదాహరణ రిజిస్ట్రేషన్ ఆఫీసు. 1998 నవంబరులో కార్డ్ పేరుతో సబ్‌రిజిస్ట్రారు ఆఫీసుల్లో కంప్యూటర్లు పెట్టి, గంటలో దస్తావేజు చేతికిస్తామన్నారు. దేశదేశాల సదస్సుల్లో దాన్ని ఆదర్శంగా చూపించారు. జొనాథన్ కాస్లీ అనే పరిశోధకుడు ఆఫీసులకెళ్లి చూసి 2004లో రాసింది వేరు. లంచాలు పోలేదు, దస్తావేజు లేఖరి మధ్యవర్తిత్వమూ పోలేదు.

ఇక ఉపాధి హామీ సామాజిక తనిఖీ దగ్గర కాస్త ఆగాలి, మనవాళ్లు దేశానికి చూపించిన అసలైన దారి అది. 2006లో పథకం మొదలైనప్పటి నుంచి మన రాష్ట్రంలో మస్టర్లు, చెల్లింపులు కంప్యూటర్లోకి ఎక్కాయి. అక్కడితో ఆగిపోయి ఉంటే అది ఇంకో వెబ్‌సైటుగా మిగిలేది. ఆ లెక్కల్ని కాగితాల మీద తీసి, ఇంటింటికీ పట్టుకెళ్లి, "నువ్వు పద్దెనిమిది రోజులు చేసినట్టు రాశారమ్మా, చేశావా?" అని అడిగారు. ఆ తర్వాత ప్రజావేదికలో అందరి ముందు చదివారు. చనిపోయినవాడి పేరు మీద కూలి తీసినవాడు ఊరి ముందు నిలబడాల్సి వచ్చింది. కంప్యూటరు లెక్క జనం చేతికి రావడం వల్ల జరిగిందది. అదే పథకంలో 2023 జనవరి నుంచి రోజుకి రెండుసార్లు ఫొటో తీసి యాప్‌లో ఎక్కించాలన్నారు. సిగ్నలు లేని చోట ఫొటో ఎక్కకపోతే ఎండలో మట్టి తవ్విన రోజు లెక్కలోంచి పోయింది. ఒకే పథకం, రెండు రకాల సాంకేతికత. మొదటిది కూలివాడి చేతికి అధికారి లెక్క ఇచ్చింది, రెండోది అధికారి చేతికి కూలివాడి మెడ ఇచ్చింది.

బయటి దేశాల నుంచి సలహాలు తెచ్చుకునేవాళ్లకి ఇంకో సంగతి. ప్రపంచ బ్యాంకు 2016లో డిజిటల్ ప్రయోజనాల మీద వెలువరించిన నివేదిక కూడా చట్టాలు, నైపుణ్యాలు, జవాబుదారీ ఉన్న సంస్థలు లేకుండా సాంకేతికత ఫలించదనే చెప్పింది. నివేదికలోంచి మనవాళ్లు యాప్‌ని తెచ్చుకున్నారు, ఈ మాటని అక్కడే వదిలేశారు.

మేం అడుగుతున్నది ఖరీదైనదేమీ కాదు. కౌలు గుర్తింపుకి ఆసామి సంతకం అక్కర్లేదని చట్టం మార్చాలి. భూమి హక్కుకి ఢోకా లేదని ఆసామికీ అదే చట్టంలో భరోసా ఇవ్వాలి. రేషన్ దుకాణంలో వేలిముద్ర పడలేదన్న ప్రతిసారీ ఎవరిని వెనక్కి పంపారో పుస్తకంలో రాసి ఆ పేజీని తహసీల్దారుకి పంపాలి. సార్వా కోతలకి ముందు ఈ-క్రాప్ జాబితాను సర్వే నంబరు వారీగా కాగితం మీద తీసి పంచాయతీ గోడకి అంటించాలి, గ్రామసభలో పేరు పేరునా చదవాలి. "ఆ చేను చేసేది ఫలానా వాడు కదా" అని పక్క పొలం వాడు చెబితే అక్కడికక్కడే దిద్దాలి. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాల వ్యవస్థను మొదలుపెట్టింది మా పక్కనే ఉన్న కరపలో. ఆ జాబితా తీయడానికి ట్యాబు ఉంది, చదవడానికి సచివాలయంలో మనుషులున్నారు. ఆసామి సంతకంతో పని లేకుండా ఆ పేరు దిద్దే అధికారం మాత్రం వాళ్లకి ఇవ్వలేదు.